ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీల గది

గదిలో అరవై ఒకటో రోజున సలోమి ఐసు ముక్క అడిగింది.

"నోట్లో పెట్టుకోడానికి కాదే. చేత్తో పట్టుకుని చూత్తాను. ఒక్క నిమిషం."

"కుదరదక్కా," అంది లూదియ.

"తెలుసులే. రోజుకోసారి ఆ మాట అనకపోతే నీకు అన్నం సయించదని అడిగాను."

లూదియ అక్క ఎడమచేతి చూపుడువేలి మీద దూదిపుల్ల రుద్ది గాజు గొట్టంలో వేసి మూత బిగించింది. ఆ తర్వాత మధ్యవేలు. బొటనవేళ్ళు వదిలేసి రెండు చేతులకూ కలిపి ఎనిమిది పుల్లలు. వారానికోసారి, గురువారం ఉదయం, ఇదే పని.

ఆ గది ఒక కోళ్ళ హేచరీలోది. ఆకివీడుకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ హేచరీ మూతపడి రెండేళ్ళయింది. గుడ్లు పొదిగే యంత్రాలను ఎవరో కొనుక్కుపోయారు. గోడల్లో హీటర్లు, పైన ఫ్యాన్లు, తలుపు పక్కన ఉష్ణోగ్రత చూపే పెట్టె మాత్రం మిగిలాయి. పెట్టె మీద అంకె 38.5 దగ్గర ఉండాలి. అర డిగ్రీ తగ్గితే గంట మోగుతుంది. లోపల ఒక మంచం, ప్లాస్టిక్ కుర్చీ, టీవీ, మూలన స్నానాలగది. తలుపుకు ఒక అద్దం. సలోమి రోజుకు ఎనిమిది లీటర్ల నీళ్ళు తాగుతుంది. వాటిలో సగం ఉప్పూ చక్కెరా కలిపినవి. బయటివాళ్ళు ఇరవై నిమిషాలకు మించి లోపల ఉండకూడదు.

సలోమికి నలభై ఒక్కేళ్ళు. పంతొమ్మిదేళ్ళు రొయ్యల పీలింగ్ షెడ్డులో పనిచేసింది. తల తుంచడం, పెంకు ఒలవడం, నరం లాగడం, ఐసు నీళ్ళ తొట్టెలో వేయడం. ఆ షెడ్డులో నూట నలభై మంది ఆడవాళ్ళలో ఆమె కంటే వేగంగా ఒలిచేవాళ్ళు లేరు. లూదియ ఆమె చెల్లెలు. ముప్పై రెండేళ్ళు. సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. సలోమి వేళ్ళలో ఉన్న బాక్టీరియాను తయారుచేసిన నలుగురిలో ఒకరు.

ఆ బాక్టీరియాకు ప్రయోగశాలలో పెట్టిన పేరు ముప్పైఒకటి. ముప్పైఒక్క డిగ్రీల దగ్గర అది అన్నిటికంటే బాగా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. అక్కడ నలభై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర అదే పనికి నాలుగు గంటలు పడుతుంది. నాలుగు డిగ్రీల దగ్గర పెరగదు, అలాగని చావదు. పైన ముప్పై నాలుగూ ఎనిమిది పాయింట్ల దగ్గర ఆగిపోతుంది. రొయ్యల చెరువు అడుగున మేతా మలమూ పేరుకుని మడ్డి అవుతుంది. మడ్డి కుళ్ళితే రొయ్య చస్తుంది. ముప్పైఒకటి ఆ మడ్డిని తింటుంది. రైతులు దాన్ని మడ్డి మందు అన్నారు. మొదటి ఏడాదే పద్దెనిమిది వేల ఎకరాల్లో చల్లారు.

చల్లడానికి ముందు భద్రత పరీక్ష జరిగింది. మనిషి ఒంటి వేడి ముప్పైఏడు డిగ్రీలు. బాక్టీరియాను ముప్పైఏడు దగ్గర నలభై ఎనిమిది గంటలు ఉంచి చూడాలి. పెరగకపోతే మనిషికి ప్రమాదం లేనట్టు లెక్క. లూదియ బాక్టీరియాను పెంచే గాజు పళ్ళేలు ఇరవై పెట్టింది. బాక్టీరియా పెరిగితే పళ్ళెం మీద చుక్కలుగా కనిపిస్తుంది. నలభై ఎనిమిది గంటల తర్వాత ఒక్కదాని మీదా చుక్క లేదు. నివేదిక కింద ఆమే సంతకం చేసింది.

మనిషి ఒళ్ళంతా ముప్పైఏడు ఉండదు. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్ళ వేళ్ళు ఎనిమిది గంటలు ఐసు నీళ్ళలో ఉంటాయి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోట ముప్పైఒకటి లోపలికి పోయింది. ఐసు దాన్ని పెరగనివ్వలేదు, చంపనూ లేదు. వాళ్ళు ఇంటికెళ్ళి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాక వేళ్ళు మెల్లగా ముప్పైఒకటికి వచ్చేవి.

జనవరిలో సలోమి పొయ్యి మీది గిన్నెను ఒట్టి చేతులతో దించింది. భర్త యాకోబు కేక పెట్టాడు. ఆమెకు కాలినట్టు తెలియలేదు.

మందులు పనిచేయలేదు. ముప్పైఒకటి తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. వేడి చేసే చేతితొడుగులు వేశారు. మొద్దుబారిన వేళ్ళకు వేడి తెలియక చర్మం కాలింది. అప్పుడు లూదియకు హేచరీ గది గుర్తొచ్చింది. గాలే ముప్పై ఎనిమిదిన్నర ఉంటే వేళ్ళ చర్మం ముప్పైఅయిదు దిగదు. పెరగలేని బాక్టీరియాను ఒళ్ళే నెమ్మదిగా తినేస్తుంది. నలభై రోజులు చాలనుకుంది. సర్జన్ మరో దారి చెప్పాడు: ఎనిమిది వేళ్ళ కొసలు, గోరు దాకా, తీసేయడం. లూదియ వద్దంది. సలోమి చెల్లెలి మాట వింది.

నలభై రోజులు దాటాయి. అయినా లూదియ కంగారు పడలేదు. ముప్పైఒక్క డిగ్రీల పళ్ళెం మీద చుక్కల సంఖ్య వారం వారం తగ్గుతోంది. ముప్పైఆరు, ముప్పైఏడు పళ్ళేలు ఎప్పుడూ ఖాళీయే.

ఆ గురువారం సాయంత్రం యాకోబు కూతుర్ని తీసుకొచ్చాడు. షారోను తొమ్మిదో తరగతి. అద్దం దగ్గర నిలబడి వెనక్కి తిరిగి జడ చూపించింది.

"ఏంటే అది? తాడు పేనినట్టుంది," అంది సలోమి లోపలినించి.

"నాన్నేసాడు."

"రిబ్బను ఏది?"

"నాన్న వలకి కట్టేసాడు."

యాకోబు నవ్వాడు. "నువ్వొచ్చాక ఎయ్యి. అప్పటిదాకా నా చేతిది ఇంతే."

"రేపు గుడ్ ఫ్రైడే. ఆ జడతో గుడికి తీసుకెళ్ళకు. గుళ్ళో అందరి ఏడుపుకీ కారణం అదే అనుకుంటారు ఫాదర్ గారు."

షారోను అద్దానికి అరచేయి ఆనించింది. అద్దం వేడిగా ఉంది. తీసేసింది.

ప్రయోగశాలలో పళ్ళేలను నలభై ఎనిమిది గంటలకు చదువుతారు. చదివి, రాసుకుని, పారేస్తారు. గురువారం పెట్టినవి శనివారం చదవాలి. ఆ వారం లూదియ శుక్రవారం మూడు గంటల ఆరాధనకు, ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళింది. మధ్యలో శనివారం ప్రయోగశాలకు వెళ్ళలేదు. తన పళ్ళేలను ఇంకొకరు ముట్టుకోవడం ఆమెకు ఇష్టముండదు. చదవమని ఎవరికీ చెప్పలేదు. సోమవారం సెలవు పెట్టింది. మంగళవారం ఉదయం ఇంక్యుబేటర్ తెరిచింది. పళ్ళేలు అయిదు రోజులుగా లోపలున్నాయి.

ముప్పైఏడు పళ్ళెం ఖాళీ. ముప్పైఆరు పళ్ళెం మీద చుక్కలున్నాయి. గుండుసూది మొన అంత. రెండు రోజులకు కనపడనంత నెమ్మదిగా పెరిగినవి. పదకొండు.

ఆమె పళ్ళెం మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత ఫ్రీజర్ తెరిచి మొదటి వారం నించీ దాచిన గొట్టాలన్నీ బయటకు తీసింది. ఒక్కో వారం బాక్టీరియాను ఆరు ఉష్ణోగ్రతల దగ్గర పెట్టింది. ఈసారి అయిదు రోజులు ఆగింది.

మొదటి వారం బాక్టీరియా ముప్పై నాలుగూ ఎనిమిది దగ్గర ఆగింది. మూడో వారానిది ముప్పైఅయిదూ ఒకటి దగ్గర. అయిదో వారానిది ముప్పైఅయిదున్నర. ఎనిమిదో వారానిది ముప్పైఆరూ ఒకటి. వేడికి చచ్చేవి చచ్చాయి, అందుకే చుక్కలు తగ్గాయి. ఓర్చుకున్నవి మిగిలాయి. వాటికి పుట్టినవి వాటి కంటే ఇంకాస్త ఓర్చుకున్నాయి. అలాగే సాగితే ఇంకో అయిదు వారాల్లో ముప్పైఏడు. ముప్పైఏడు దగ్గర పెరిగేది వేళ్ళ దగ్గర ఆగాల్సిన పని లేదు. రక్తంలోకి పోతుంది. ఎవరి రక్తంలోకైనా.

పరిశోధన కేంద్రం డైరెక్టర్ డాక్టర్ విశ్వనాథం కాగితం మీద గీసిన గీతను చాలాసేపు చూశారు.

"ఇంకో డిగ్రీ పెంచుదాం లూదియా."

"పెంచితే దానికీ అలవాటవుతుంది సార్."

"అప్పుడు ఇంకో డిగ్రీ."

"లోపల ఉన్నది మనిషి సార్. నలభై దాటితే బాక్టీరియా కంటే ముందు అక్క పోతుంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వేళ్ళు తీయించుకోమని మీ అక్కకు నువ్వు చెప్పగలవా? నేనైతే చెప్పలేనమ్మా. అందుకే డిగ్రీ అంటున్నాను."

"మరి చెరువులు? అక్కడా ఇలాగే వేడికి అలవాటు పడితే?"

"చెరువులో నీళ్ళు ముప్పైఒకటే కదా. దాన్ని ఎందుకు కలుపుతావు దీంట్లో? పైగా ఆ పరీక్ష మీద ఉన్నది నీ సంతకం. జ్ఞాపకం ఉంచుకో."

లూదియ హేచరీకి వెళ్ళింది. గదిలోకి వెళ్ళి కుర్చీ మంచం దగ్గరకు లాక్కుంది. ఇరవై నిమిషాలు ఉన్నాయి. ముందు గీత గురించి చెప్పింది.  సలోమి టీవీ శబ్దం తగ్గించింది.

"ఎంత మేర కోత్తారు?"

"మొదళ్ళ దాకా. లోపలికి పాకింది."

"ఇక్కడికి రాకముందు కోసుంటే?"

"కొసలు."

సలోమి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళు ఉన్నాయి. చివర్లు నల్లబడినా ఎనిమిదీ ఉన్నాయి.

"కోయించుకోకపోతే?"

"ఈ గదిలోనే ఉండాలి. అది ముప్పైఏడు నేర్చుకున్న రోజున నీ రక్తంలోకి పోతుంది. తర్వాత నిన్ను ముట్టుకున్నవాళ్ళకి. ఊరంతటికీ."

"ఊరి కోసం కోయించుకోమంటావు."

"అవునక్కా."

"షారోనుకి కూడా వత్తాదా?"

"వస్తుంది."

అద్దంలోంచి యాకోబు కనిపిస్తున్నాడు. వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఏమీ వినపడక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. లూదియ రెండో సంగతి చెప్పింది. మనుషులకు ప్రమాదం లేదని రాసింది తనే అని. ముప్పైఏడు దగ్గర మాత్రమే పెట్టి చూశానని.

సలోమి చెల్లెలి వైపు తిరిగింది.

"నీకు చిన్నప్పుడు జొరం వత్తే ఏం చేసేదానివే?"

లూదియ తలెత్తింది.

"షెడ్డు నించి వచ్చీ రాగానే నా చెయ్యి లాక్కుని నుదుటి మీద పెట్టుకునేదానివి. ఐసులాగ ఉంది, తియ్యకక్కా అనేదానివి. నిద్ర పోయేదాకా తియ్యనిచ్చేదానివి కాదు." ఆమె గొంతు పెంచలేదు. "మా చేతులు సల్లగా ఉంటాయని ఆ పెద్ద సార్లకి తెలీదు. నీకు తెలుసు కదే."

"గుర్తు రాలేదక్కా. మనిషంటే ముప్పైఏడని పుస్తకంలో ఉంది. అదే పెట్టాను."

"పుస్తకం రాసినోడు రొయ్యలు ఒలిచి ఉండడులే." సలోమి రిమోట్ తీసుకుని టీవీ ఆపింది. "ఎప్పుడు రమ్మంటావు ఆ డాక్టర్ని?"

"ఆలోచించుకో. రెండు రోజులు..."

"రెండు రోజుల్లో దానికి ఇంకో పాయింటు వత్తాది. పిలు."

ఆపరేషన్ డెబ్భై నాలుగో రోజున ఆ గదిలోనే జరిగింది. ఆస్పత్రి థియేటర్‌కు తీసుకెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. సర్జన్ రెండుసార్లు బయటకు వచ్చి నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, మళ్ళీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. బొటనవేళ్ళు రెండూ మిగిలాయి. తీసిన ఎనిమిది వేళ్ళను లూదియే ఆటోక్లేవ్‌లో పెట్టింది. నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరి, అరగంట. ఆ వేడి దగ్గర ముప్పైఒకటే కాదు, ఏ బాక్టీరియా మిగలదు. అరగంటా ఆమె యంత్రం పక్కన నిలబడే ఉంది.

పది రోజుల పాటు సలోమి ఒంట్లోంచి తీసిన నమూనాల్లో ఏ ఉష్ణోగ్రత దగ్గరా చుక్క రాలేదు. ఆమెను ఇంటికి పంపారు. యాకోబు అన్నం కలిపి పెట్టేవాడు. ముద్దలు పెద్దవి చేస్తున్నాడని సలోమి రోజూ తిట్టేది.

మే రెండో వారంలో లూదియ థర్మామీటరు తీసుకుని చెరువుల మీదికి వెళ్ళింది. చెరువు నీళ్ళు ముప్పైఒకటి అనేది ఏడాది సగటు. ఆమె మధ్యాహ్నం రెండింటికి గట్టు మీంచి దిగి కొలిచింది. మోకాలి లోతున ముప్పై నాలుగున్నర. పైన జానెడు లోతున ముప్పైఆరు. పక్క చెరువులోనూ అంతే. తొమ్మిది చెరువుల్లో కొలిచి, తొమ్మిది సీసాల్లో నీళ్ళు పట్టింది. పళ్ళేలు పెట్టి అయిదు రోజులు ఆగింది.

ఆరు చెరువుల నీళ్ళు ముప్పైఆరు పళ్ళెం మీద చుక్కలు వేశాయి. రెండు చెరువులవి ముప్పైఆరున్నర మీద కూడా.

ఆ ఉదయమే ఆమె మడ్డి మందు ఆపాలని, పాత పరీక్ష తప్పని, తప్పు తనదని నివేదిక రాసి, డైరెక్టర్‌కూ జిల్లా అధికారులకూ పంపింది. తర్వాత అక్క ఇంటికి వెళ్ళింది. సలోమి అరుగు మీద కూర్చుని ఉంది. కట్లు ఇంకా విప్పలేదు. లూదియ పళ్ళేల సంగతి చెప్పింది.

"అంటే నా ఒంట్లో నేర్చుకున్నదే అక్కడా నేర్చుకుంది."

"ఎండ నేర్పింది."

"ఎన్ని చెరువులు?"

"పద్దెనిమిది వేల ఎకరాలు. ఈ ఏడాది ఇంకా ఎక్కువ."

"అయితే నా వేళ్ళెందుకు తీయించావే?"

"నువ్వు బతకాలని."

"ఆ మాట అప్పుడు అనలేదు నువ్వు. ఊరి కోసం అన్నావు."

 లూదియ ఫోను మోగింది. హేచరీ కాపలాదారు. షెడ్డు నించి ఆడవాళ్ళొచ్చారని, ఏడుగురని, గది తాళం తీయమంటున్నారని, తను ఆపలేకపోతున్నానని చెప్పాడు.

సలోమి లేచింది. "బండి తియ్యి. నేనూ వత్తాను."

హేచరీ దగ్గర ఏడుగురూ తలుపు ముందు నిలబడి ఉన్నారు. ముందున్న మనిషి వరాలు. షెడ్డులో సలోమి పక్క తొట్టె దగ్గర పనిచేసేది. సలోమి వాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, గది తలుపుకు వీపు ఆనించి మెట్టు మీద కూర్చుంది.

"సలోమక్కా, నిన్ను పెట్టినట్టే మమ్మల్నీ లోపల పెట్టమని మీ చెల్లికి సెప్పు," అంది వరాలు. "లోపలున్నన్నాళ్ళూ వేళ్ళు పోవంట గదా."

"నీకెన్ని?"

"రెండు. కొసలే. అన్నం వేడి తెలత్తం లేదు."

"నాకూ కొసలే అప్పుడు. డెబ్భై నాలుగు రోజులు దాచుకుని ఎనిమిదీ మొదలంటా ఇచ్చాను. నువ్వు ఆ రెండు కొసలూ ఇయ్యాళే ఇచ్చెయ్."

"ఇచ్చేసి? షెడ్డులో రానిత్తారా నన్ను?"

"మిగిలిన ఎనిమిదితో ఒలువు. నా చేతుల్తో అయితే ఒలవలేవు." సలోమి కట్లున్న చేతులు రెండూ పైకెత్తి చూపించింది. వెనక నిలబడిన వాళ్ళలో ఒకామె మొహం తిప్పుకుంది.

వరాలు తిప్పుకోలేదు. "ఆ డెబ్భై నాలుగు రోజులూ నీకు వేళ్ళున్నాయి గదక్కా?"

"ఉన్నాయి."

"మాకూ అన్నాళ్ళయినా ఉండనీ. మా మేనకోడలి పెళ్ళి ఉంది. ఆకు వక్క చేత్తో ఇవ్వాలి. జరుగక్కా."

"జరగను."

"నీ ఇల్లా ఇది? నువ్వుండొచ్చు, మేం ఉండకూడదా?"

"నేనున్నాను కాబట్టే సెప్తున్నాను. తిట్టుకో. జరగను."

లూదియ తాళంచెవి చేతిలో పట్టుకుని మెట్ల కింద నిలబడింది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. బయట ఎండ నలభై మూడు డిగ్రీలు. గోడ నీడ ఒక అడుగు వెడల్పుంది. ఏడుగురిలో ముగ్గురు దాంట్లో కూర్చున్నారు, మిగిలినవాళ్ళు కొంగులు తలమీద వేసుకున్నారు. కాపలాదారు బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

నాలుగింటికి వరాలు మెట్టెక్కి సలోమి పక్కన కూర్చుని సర్జన్ ఎక్కడుంటాడని అడిగింది. సలోమి చెప్పింది. మిగిలిన ఆరుగురూ తలుపు దగ్గరి నించి కదల్లేదు.